పల్లవి దగ్గర తెగే పేజీ

కట్టంగూర్ బస్టాండు పక్కన మమత జిరాక్సు దుకాణం. అందులో ఆమె కూర్చునే కుర్చీకి వీపు ఆనించే చెక్క ఊడిపోయి చాలా కాలమైంది. బాగు చేయించుకునే తీరిక ఏదీ? పొద్దున ఆధార్ కార్డులతో మొదలైతే మాపటికి పెండ్లి పత్రికలతో నడుము పడిపోతుంది. పేరొచ్చింది మాత్రం ఆ పత్రికలతోనే. చుట్టూ పూలతీగ అంచు, పైన గణపతి, వధూవరుల పేర్లకు వంపులు తిరిగిన అక్షరాలు. మమత చేతిలో పడ్డ కాగితం బోసిగా బయటికి రాదు.

ఇది చాలదన్నట్టు ఆ ఏడు బాపు పని కూడా నెత్తిన పడింది. ఆమె తండ్రి పెద్దులు చిరుతల ఆట పంతులు. జట్టంతా చేతుల్లో చెక్క చిరుతలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ కథ పాడుతుంది. పంతులు నడుమ నిలబడి కాగితాలు చూసి ఒక్కో చరణం ఎత్తివ్వాలి. పంతులు ఆగితే ఆట ఆగినట్టే. పెద్దులు ఏనాడూ ఆగలేదు. కానీ షుగరు కండ్లలోకి దిగాక కాగితం మీద అక్షరం చీమంత అయిపోయింది.

శ్రీరామనవమి ఇంకా దూరంగా ఉండగానే జట్టు పెద్ద మల్లప్ప వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. "పెద్దులన్నా, ఏమనుకోకు. ఈపారి తిరుమలగిరి పంతులును పిలుస్తం. నువ్వు ముంగట కుర్చీల కూసోని సూడు" అన్నాడు. పెద్దులు ఆ పూట ముద్ద ముట్టలేదు, అంతే. మమతకే ఒళ్లు మండింది.

"మల్లప్ప కాకా, జర ఆగుండ్రి. బాపు ఎత్తిస్తడు. ఎట్ల ఎత్తిస్తడో నేను సూస్త" అంది.

అనడమైతే అంది. ఫోనులో చూపిస్తే వెలుగుకు ముసలాయన కండ్ల నుంచి నీళ్లు కారాయి. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన ఈ-రీడరు ఒకటి దొరికింది. తెర కాగితంలా ఉంటుంది, మిలమిలలాడదు, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. పెద్దులు దాన్ని పలక అన్నాడు, అందరికీ అదే పేరైంది. గిరాకీ లేని ప్రతి నిమిషం మమత కథంతా టైపు కొట్టింది. బాపు పుస్తకం కదా, చేతులూరుకుంటాయా! ప్రతి పేజీకి పూలతీగ పెట్టింది, ప్రతి పేజీ నెత్తిన దేవుడి బొమ్మ పెట్టింది, అక్షరాల్లోనూ రకరకాల వంపులు. చూసుకుని మురిసిపోయింది.

బడి ఆవరణలో ఆట నేర్చుకునే సాయంత్రం పెద్దులు పలకను చేతబట్టి నిలబడ్డాడు. మొదటి పేజీ బాగానే గడిచింది. రెండో దానికి మీట నొక్కాడు. తెర నల్లబడింది, తెల్లబడింది, ఒక్కో పువ్వూ తీరిగ్గా పూసింది, తర్వాత దేవుడు నిదానంగా దిగాడు. చిరుతలు గాలిలోనే ఉండిపోయాయి. జట్టులో ఎవడో "పంతులూ, దేవుడైతే వచ్చిండు గని పాట ఇంక రాలే" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దులు పలకను కూతురి చేతిలో పెట్టాడు.

"నాతోని గాదు బిడ్డా. పిలుసుకోనియ్యి వాళ్లను."

మరునాడు దుకాణంలో మమత ఏడ్చింది. ఏడుస్తూనే జిరాక్సులు తీసింది. మధ్యాహ్నం పలక ముందేసుకుని పువ్వులన్నీ పీకేసింది. పేజీ కాస్త తొందరగా వచ్చింది. దేవుడికి దండం పెట్టి ఆయన్నూ తీసేసింది. ఇంకాస్త తొందర. వంపుల అక్షరాలు తీసేసి ఒకే రకం మామూలు అక్షరం ఉంచింది. పేద పలక అది, దానికున్న బలమెంత! ఆ కొంచెం బలాన్నీ తన అలంకారాలే తినేశాయి. తన గొప్పే బాపు గొంతుకు అడ్డం పడిందని ఆమెకు సిగ్గేసింది. చివరికి మిగిలిన పేజీ ఎంత బోసిగా ఉందంటే, దశదినకర్మ కార్డుకైనా ఒక గీత అంచు ఉంటుంది.

కథంతా ఒకే ఫైలుగా ఉంటే, నడుమ పాట తెరవాలన్నా పలక మొదటి నుంచీ ఒక్కో అక్షరం, వత్తు, గుణింతం కొలుచుకుంటూ రావలసి వస్తోంది. అందుకని పాటకొక ఫైలు చేసింది. అయినా పేజీ పేజీకి నడుమ గుటక మింగేంత ఆలస్యం మిగిలే ఉంది. అక్షరాలు అన్నిటికన్నా పెద్ద కొలతలో పెట్టింది కాబట్టి తెరకు పట్టేవి నాలుగు వరుసలే. మాటిమాటికీ ఆ గుటక తప్పదు. ఇక తన వల్ల కాదనుకుంది.

ఆ మాటే చెబితే పెద్దులు తన పాత కాగితాల సంగతి ఎత్తాడు. "కాయిదం తిప్పేటప్పుడు నేనేం జేస్తుంటినో ఎర్కేనా? పల్లవి వాళ్లకిచ్చేస్తుంటి. వాళ్లు మలిపి మలిపి పాడుతరు. గంతల నేను వేలు తడి జేసుకోని తిప్పుకుంటుంటి."

మమత తల కొట్టుకుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే! తెర నిండిన చోట కాదు, జట్టు పల్లవి అందుకునే చోట పేజీ తెంపాలి. పాటలన్నీ మళ్లీ ముందేసుకుంది. కొన్ని పేజీల్లో రెండే వరుసలు, కింద సగం తెర ఖాళీ. పత్రికలు చేసే ప్రాణం ఆ ఖాళీకి విలవిలలాడింది. అయినా ముట్టుకోలేదు. ఆ వారమే మల్లప్ప మరోసారి ఆట చూసి, తిరుమలగిరికి వద్దని ఫోను చేశాడు.

నవమి నాడు పొద్దు వాలుతుండగా ఆట మొదలైంది. పెద్దులు చరణం ఎత్తిచ్చాడు, జట్టు పల్లవి అందుకుంది, ఆయన మీట నొక్కాడు. తెర నల్లబడి తేరుకునే లోపు పల్లవి రెండుసార్లు తిరిగింది, తరువాతి చరణం సిద్ధంగా ఉంది. ఆగిందని ఎవరికీ తెలియలేదు. పక్కనే నిలబడ్డ మమతకు కాళ్లు పీకుతున్నాయి, కూర్చోవాలని కూడా తోచలేదు.

ఆట ముగిశాక పెద్దులు తువ్వాలతో మొహం తుడుచుకుని అరుగు మీద కూలబడ్డాడు. మమత పక్కన కూర్చుంది.

"మంచిగ జేసినవ్ బిడ్డా. అక్షరాలు జర ఇంకింత పెద్దగ జేస్తవా? ఆఖరికి అన్నీ మసక మసకగ గొట్టినయి."

పలకలో ఉన్న ఆఖరి కొలత అదే. అంతకన్నా పెద్దది లేదు. ఆ సంగతి మమతకు మొదటి రోజు నుంచీ తెలుసు.

"చేస్త బాపు. వచ్చేపారికి చేస్త."

"గట్లయితే మల్లప్పకు ఇప్పుడే జెప్పు, వచ్చే ఏడు గూడ నేనే అని."

మమత అరుగు పట్టుకుని లేచి, మల్లప్పకు చెప్పడానికి వెళ్లింది.