సైకిల్ డాక్టరు బుల్లెట్ ఎక్కితే

హన్మంత్‌కు కాలు ఒకచోట నిలవదు. కూర్చున్నా కుడి మోకాలు ఆడుతూనే ఉంటుంది. అన్నం సగం తిని లేచి, వాకిట్లోకి పోయి ఏదో చూసి, మళ్లీ వచ్చి మిగతాది తినే మనిషి. తల్లి తిట్టీ తిట్టీ విసిగిపోయి, వాకిట్లోనే పీట వేయడం మొదలుపెట్టింది. అప్పుడు ఇంట్లో ఏముందో చూసి రావడానికి లేచేవాడు.

జనగాం దగ్గర ఒక ఊళ్లో భూములున్న ఇంటికి చిన్నకొడుకు. అరవై తొమ్మిదిలో పీయూసీ చదువుతుండగా తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. తోటి పిల్లలు ఊరేగింపు అయిపోగానే ఇళ్లకు పోయేవారు. ఇతను జనగాంలో నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకుని, కాజీపేటలో ఏమవుతుందో చూద్దామని సైకిలెక్కేవాడు. కాజీపేట చూశాక హన్మకొండ. ఆ చదువు సంవత్సరం అలా రోడ్లమీదే కరిగిపోయింది. తరువాత కాలేజీ తెరిచారు గానీ ఇతని కాళ్లు బెంచీ కింద ఇమడలేదు. చివరికి పశువైద్యంలో ఏదో శిక్షణ పూర్తి చేసి కాంపౌండర్ అయ్యాడు. తిరిగే ఉద్యోగమని చెబితే ఒప్పుకున్నాడట. సర్కారు కూడా అతని సంగతి తెలిసినట్టే కొత్తగూడ అడవుల్లోకి పంపింది.

అక్కడ అతని పని సైకిలు మీద. క్యారియర్‌కు మందుల పెట్టె, హ్యాండిల్‌కు టీకామందు ఉన్న థర్మాస్. అందులో మానుకోట నుంచి బస్సులో తెప్పించుకున్న ఐసు. ఆ టీకా గొంతువాపు రోగానికి. తొలకరి పడ్డాక ఆ రోగం పశువుల మీద పడితే, పొద్దున మేసిన ఎద్దుకు సాయంత్రానికి గొంతు ఉబ్బి ఊపిరి ఆడదు. వానలకు ముందే సూది పడాలి. ఐసు కరిగి మందు వేడెక్కిందంటే దాన్ని వాగులో పోసిరావలసిందే.

కిందటేడు అదే అయింది. మోదుగుల తండా అక్కడి తండాలన్నిటికంటే లోపల ఉంటుంది. ఎండలో ఇసుకదారిలో సైకిలు తొక్కలేక, నెట్టలేక, అతను చేరేసరికి ఐసు నీళ్లయింది, నీళ్లు వేడెక్కాయి. మళ్లీ మందు తెచ్చేలోపే వాన కొట్టింది. జమ్లీ అనే ముసలామె జోడెడ్లలో ఒకటి చచ్చిపోయింది. మొగుడు లేని మనిషి. ఆ రెండెడ్లతోనే అడవి కొట్టిన ఇంత పోడు దున్నుకుని బతికేది. హన్మంత్ వెళ్లేసరికి ఆమె ఏడవడం లేదు. మిగిలిన ఎద్దు మెడ నిమురుతూ కూర్చుంది.

"జర ముందుగాల రావాల్సింది సారూ" అంది.

అంతే అంది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆ మాట ఏడాదంతా లోపల తిరుగుతూనే ఉంది. ఈసారి వానకంటే ముందు ఆ ఒక్క ఎద్దుకూ సూది వేయాలి. అందుకు మోటారు సైకిలు కావాలి.

మోటారు సైకిలు అనగానే అన్న సంజీవ ఎగిరి గంతేశాడు. సంజీవ ఊళ్లో రాజకీయం నడిపే మనిషి. జీపు కొనుక్కోబోతున్నాడు. అందుకని తన బుల్లెట్ తమ్ముడికిస్తానన్నాడు.

"ఇన్నేండ్లు సైకిల్ మీద తిరిగి మన ఇంటి ఇజ్జత్ తీసినవ్. ఇగ బుల్లెట్ మీద పో. నువ్వు వస్తున్నవంటే కోసెడు దూరంకెల్లి తెల్వాలె."

ఇంకోపక్క మానుకోటలో మధుకర్ అనే టీచరు తన రాజ్‌దూత్ అమ్ముతానన్నాడు. చిన్న బండి, పాత బండి. మధుకర్ మొహమాటస్తుడు, తన బండి గురించి తనే గొప్ప చెప్పుకోలేకపోయాడు. "బుల్లెట్ ముందల ఇదేం బండి అన్నా. కానీ తోలి సూడు. ఒక వారం అది తోలు, ఒక వారం ఇది తోలు. ఏది పనికొస్తే అది ఉంచుకో" అన్నాడు.

హన్మంత్ మనసులో పరీక్ష అప్పటికే అయిపోయింది. చిన్నప్పటి నుంచీ ఎక్కడ బుల్లెట్ చప్పుడు వినిపించినా పని వదిలేసి అటు పరుగెత్తేవాడు. దాన్ని లేపడం కూడా ఒక పూజే. మీటరులో ముల్లు నడిమధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా నొక్కాలి, చిన్న పిడి లాగి వదలాలి, అప్పుడు ఒళ్లు మొత్తం బరువు వేసి తన్నాలి. తప్పు తన్నితే అది తిరిగి తంతుంది. సరిగ్గా తంతే మాత్రం, ఆ నిదానమైన గుడుగుడు కాళ్లలోంచి ఎక్కి ఛాతీలో కూర్చుంటుంది. జనగాం నుంచి కొత్తగూడ దాకా హన్మంత్ ఎక్కడా ఆగలేదు. దారిలో చేలల్లో ఉన్నవాళ్లు నడుము నిటారు చేసి చూశారు. అతని కుడి మోకాలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆడకుండా ఉంది. ఇన్నాళ్లూ తనకు లేనిది ఈ బండేనని, ఇది ఉంటే తను నిమ్మళంగా బతుకుతాడని అతనికి గట్టిగా అనిపించింది. పాపం.

మర్నాడు మందు, ఐసు కట్టుకుని మోదుగుల తండాకు వెళ్లాడు. సైకిలు మీద అరపూట పట్టే దారి చిటికెలో అయిపోయింది. ఐసు గడ్డలు గడ్డలుగానే ఉంది. తండాలో మాత్రం నరపురుగు లేదు.

గుడిసెల తలుపులకు తడికెలు అడ్డంగా ఉన్నాయి. పొయ్యిలో నిప్పు ఆరలేదు, పైన జొన్న గటక ఉడుకుతోంది. పశువుల కొట్టాల్లో పేడ వెచ్చగా ఉంది. పశువుల్లేవు. బీడీల తునికాకు కోతకు పోయి ఉంటారనుకున్నాడు. పశువులను కూడా తునికాకుకు ఎందుకు తోలుకుపోతారని ఆలోచించే నిలకడ మనవాడికి ఎక్కడిది. కాసేపు అటూ ఇటూ తిరిగి, పక్క తండాకు పోయాడు. అక్కడా అంతే. సాయంత్రానికి మందు వాగులో పోశాడు.

రెండు రోజులు ఆగి మళ్లీ వెళ్లాడు. ముందురోజే కొత్తగూడ అంగట్లో కనబడిన తండా మనిషితో "రేపు వస్తున్న, పసులను కట్టేసి ఉంచుండ్రి" అని కబురు కూడా చేశాడు. ఆ మనిషి సరేనన్నాడు. వెళ్లి చూస్తే మళ్లీ ఖాళీ. హన్మంత్‌కు ఒళ్లు మండింది. ఎవరి కోసం ఈ తిరుగుడు? ఎండలో మాడి మందు మోసుకొస్తే ముఖం చాటేస్తారా? ఖాళీ గుడిసెల మధ్య నిలబడి గట్టిగా తిట్టాడు కూడా. తిట్టాక ఇంకా పరేషాన్ అయ్యాడు. పడమట మబ్బులు పేరుకుంటున్నాయి. జమ్లీ ఎద్దుకు సూది పడలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు ఆత్రంలో వాగు దగ్గర బండి వేగం తగ్గించలేదు. ఇసుకలో ముందు చక్రం దిగబడింది. సైకిలైతే దిగి భుజాన వేసుకునేవాడు. ఆ అలవాటుకొద్దీ కాలు కింద పెట్టాడు. బుల్లెట్ మెల్లగా, ఏ తొందరా లేకుండా, అతని మీదికి ఒరిగింది. పిక్క ఇసుకకూ బండికీ మధ్య ఇరుక్కుంది, సైలెన్సరు దానికి ఆనుకుంది. ప్యాంటు కాలిన వాసన వచ్చింది. ఎత్తబోతే అంగుళం లేవలేదు. థర్మాస్ దూరంగా పడి మూత ఊడింది.

అరిచాడు. ఎవరూ పలకలేదు. కానీ గట్టు మీది పొదలు కదిలాయి. పొద వెనక ఎర్ర పైట, దాని మీది అద్దాలు మెరవడం కనబడింది. మనుషులున్నారు. చూస్తున్నారు. రావడం లేదు.

"ఓ అవ్వా, రాండ్రి. కాలు కాలుతుంది" అన్నాడు.

పొదలో గుసగుసలు. ఎవరూ లేవలేదు.

"నేను పశుల డాక్టర్ను."

పొదలోంచి జమ్లీ గొంతులాంటి ఆడగొంతు వచ్చింది. "పశుల డాక్టర్ సైకిల్ మీద వస్తడు."

"సైకిల్ డాక్టర్ను నేనేనే అవ్వా. హన్మంత్‌ను. కిందటేడు నీ ఎద్దు సచ్చినప్పుడు వచ్చింది నేనే."

అప్పుడు జమ్లీ లేచి నిలబడింది. ఆమె వెనక తండా సగం లేచి నిలబడింది, పశువుల తాళ్లు పట్టుకుని. నలుగురు మగవాళ్లు దిగివచ్చి బండి ఎత్తారు. జమ్లీ అతని ముఖం దగ్గరికి వంగి నిజంగానే అతనా కాదా అని చూసింది.

"గీ బండి ఎక్కినవేంది సారూ?" అంది. "గీ సప్పుడు ఇనబడ్డదంటే అడివి సారు వస్తున్నట్టు. గొడ్డండ్లు గుంజుకపోతడు. పోడుల దొరికిన పసులను బందెలదొడ్డికి తోలుకపోతడు. సప్పుడైతే సాలు, మేం పసులను పట్టుకుని అడివిల పడ్తం. అన్నం కూడ ఇడిసిపెట్టి పోతం."

కోసెడు దూరం నుంచి తెలియాలని అన్న అన్నాడు. తెలిసింది. తను సూదులు వేయడానికి వస్తూ, ఆ పశువులనే అడవిలోకి తరిమాడు, మూడుసార్లు. సిగ్గుతో అతని ముఖం కాలిన పిక్కకంటే ఎక్కువ మండింది. థర్మాస్ చేతికిచ్చారు. సీసాలు పగిలిపోయాయి.

ఆ సాయంత్రమే కుంటుకుంటూ బుల్లెట్‌ను మానుకోట తీసుకుపోయి మధుకర్ ఇంట్లో పెట్టాడు. రాజ్‌దూత్ తీసుకున్నాడు. నీ బండి నాకు వద్దు అని అన్నకు కబురు పంపాడు. ఎందుకో చెప్పలేదు. చెబితే సంజీవకు అర్థమయ్యే సంగతి కాదు.

రాజ్‌దూత్ తోలడం మొదట ఏడుపొచ్చినంత పని అయింది. పటపటమని ఒక చప్పుడు, వెనక నీలం పొగ. బుల్లెట్‌కున్నట్టు బ్రేకు ఎడమకాలి కింద ఉందనుకుని తొక్కితే గేరు పడింది, బండి ఎగిరి ఒక గేదెను ముద్దుపెట్టుకోబోయింది. చేలల్లో ఎవరూ తలెత్తలేదు. మోకాలు మళ్లీ ఆడడం మొదలైంది. బుల్లెట్ మీద దొరికిన ఆ నిమ్మళం ఇక దొరకదని అతనికి తెలిసిపోయింది. కానీ వాగు దగ్గర దిగి, హ్యాండిల్ పట్టుకుని, ఒక్కడే ఇసుకలోంచి అవతలికి నెట్టుకుపోయాడు. ఐసు కరగలేదు.

మోదుగుల తండాలో గటక తింటున్నవాళ్లు తింటూనే ఉన్నారు. పిల్లలు బండి చుట్టూ మూగి పొగ పీల్చారు. కట్టుకొయ్యలకు పశువులున్నాయి. హన్మంత్ సిరంజి తీశాడు. ఆకాశం నల్లబడింది, గాలి ఆగిపోయింది, ఏ క్షణమైనా కొట్టేలా ఉంది. అతను ఒక ఎద్దు నుంచి ఇంకో ఎద్దుకు దాదాపు పరుగుమీదే వెళ్లాడు. జమ్లీ ఎద్దు వట్టి పోట్లమారిది, మనుషుల్ని రానిచ్చేది కాదు. దాన్ని చివరకు పెట్టుకున్నాడు. ముక్కుతాడు తను పట్టుకుని, దాన్ని శాంతపరచమని జమ్లీని పిలిచాడు.

అప్పుడు వాగు అవతలి నుంచి చప్పుడు వినిపించింది. నిదానంగా, బరువుగా. గుడుగుడు.

ఎవరో లంబాడీ మాటలో ఒక్క కేక వేశారు. చేతిలో గటక ముద్ద ఉన్నవాడు ముద్ద వదిలేశాడు. తాళ్లు తెగ్గొట్టినట్టు ఊడాయి. గిట్టల చప్పుడు, దుమ్ము, చంకన పిల్లలు. ఎంతసేపట్లో ఖాళీ అయిందో చెప్పలేం. హన్మంత్ పొద వెనక బోర్లా పడి, రొప్పుతూ, చేతులు చూసుకుంటే ఒక చేతిలో సిరంజి, ఒక చేతిలో జమ్లీ ఎద్దు తాడు. తను పరుగెత్తానని అప్పుడు తెలిసింది.

తండా నడుమ బుల్లెట్ ఆగింది. దాని మీద నుంచి తెల్లబట్టల మనిషి దిగాడు. సంజీవ. మానుకోటలో తన బండి తీసుకుని, తమ్ముడి సంగతేందో ముఖం మీదే అడగడానికి వచ్చాడు. ఉడుకుతున్న పొయ్యిలను, తడికెలను, ఒంటరిగా నిలబడిన రాజ్‌దూత్‌ను చూశాడు.

"హన్మంతూ" అని పిలిచాడు. "అరే, ఏడున్నవ్‌రా?"

ఎవరూ పలకలేదు. జమ్లీ పొదలో హన్మంత్ పక్కకు జరిగింది.

"నిన్నే పిలుస్తున్నడు సారూ. ఎవలాయన?"

"మా అన్న."

ఆమె అతని కాలిన పిక్క వైపు, దుమ్ముకొట్టుకుపోయిన చొక్కా వైపు చూసింది.

"మీ అన్న సప్పుడుకు నువ్వెందుకు ఉరికినవ్?"

హన్మంత్ అవతలి బండి వైపు చూశాడు. తనింటి బండి. తను ప్రాణం పెట్టి తోలిన బండి. ఆ చప్పుడు చెవిన పడగానే తన కాళ్లకు అన్న గుర్తు రాలేదు, ఈ ఎద్దును కాపాడాలన్నదే గుర్తొచ్చింది. అతనికి నవ్వు రాబోయింది. అవతల అన్న మళ్లీ పిలిచాడు, ఈసారి గొంతులో కాస్త భయం కూడా ఉంది. ఒక చినుకు హన్మంత్ చేతి మీద పడింది.

"ముక్కుతాడు గట్టిగ పట్టుకో అవ్వా" అని మెల్లగా అన్నాడు.

జమ్లీ పట్టుకుంది. అతను పొదలోనే మోకాళ్ల మీద లేచి, ఎద్దు మెడ మీద చర్మం ఎత్తిపట్టి సూది దించాడు. మందంతా లోపలికి పోయి సూది బయటికి వచ్చేదాకా అన్నకు పలకలేదు.