బ్రాకెట్లలో చప్పట్లు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదివే రోజుల్లో నాకు లైబ్రరీలో పార్ట్‌టైమ్ పని దొరికింది. విక్టోరియా రాణి కాలం నాటి చిన్న ఊళ్ల పత్రికలను అక్కడ స్కాన్ చేసి పెట్టారు. వాటిలోని ఎన్నికల ప్రసంగాలను చూసి టైప్ చేయాలి. ఒక్క అక్షరం కూడా మార్చకూడదని మా సూపర్‌వైజర్, జుట్టు నెరిసిన పెద్దావిడ, మొదటి రోజే చెప్పింది.

ఒక్కో వాక్యం అరపేజీ ఉండేది. ప్రతి అభ్యర్థీ తనకు పదవి మీద ఆశ లేదనీ, మిత్రుల బలవంతం మీదే నిలబడ్డాననీ మొదలుపెట్టేవాడు. నాలుగోవాడూ అదే పాట పాడేసరికి నాకు నమ్మకం పోయింది. ఇక ప్రతి మాటనూ తిరగేసి చూడడం అలవాటైంది.

ఒకరోజు ఒకాయన చైనా కూలీల గురించి మాట్లాడాడు. వాళ్ల కష్టించే గుణమంటే ఎంతో గౌరవమట. వాళ్ల మేలు కోరే, దేశంలోకి వాళ్లను రానివ్వకూడదంటున్నాడట. ఆ వాక్యం చివర బ్రాకెట్లలో ‘చాలాసేపు కరతాళధ్వనులు’ అని ఉంది. నా వేళ్లు ఆగిపోయాయి. స్టడీ పర్మిట్ పొడిగింపుకు అప్లై చేసి ఎదురుచూస్తున్నాను అప్పటికి.

నిజంగా కొట్టారా ఆ చప్పట్లు? అదే ఊళ్లోని రెండో పత్రికను వెతికాను. అదే సభ, అదే ప్రసంగం. కానీ బ్రాకెట్లలో ‘సభలో గొణుగుడు’ అని ఉంది.

వెంటనే సూపర్‌వైజర్‌కు చూపించాను. “మొదటి పత్రిక అబద్ధం రాసింది. కింద ఒక నోట్ పెడదామా?”

“మొదటిది ఆయన పార్టీ పత్రిక, రెండోది అవతలి పార్టీది. రెండూ ఉన్నదున్నట్టు టైప్ చెయ్యి,” అంది.

తెల్లావిడ కదా, తన వాళ్లను వెనకేసుకొస్తోందేమోనని ఆవిడ మీదా అనుమానం కలిగింది.

ఇంటికొచ్చి, వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్‌కు చెప్పాను. ఉల్లిపాయలు తరుగుతూ వింది.

“రెండోదే నిజమని నీకెట్ల తెలుసు?”

“అలాంటి మాటకి జనం చప్పట్లు ఎలా కొడతారే?”

“నువ్వు పోయి చూసినవా? కొట్టలేదనుకుంటే నీకు మంచిగనిపిస్తది, అంతే.”

కోపం వచ్చింది. ఆ పూట ఆమెతో మాట్లాడలేదు.

మరుసటి వారం రెండో పత్రికలోనే వాళ్ల సొంత అభ్యర్థి ప్రసంగం వచ్చింది. అదే గౌరవం, అదే మేలు కోరడం, ఆ కూలీలను రానివ్వకూడదన్న అదే మాట. పక్కన ‘హర్షధ్వానాలు’. పొరపాటున మొదటి పత్రిక తెరిచానేమోనని పేజీని పైకి జరిపి పేరు చూశాను. పొరపాటేమీ లేదు. అక్షరం మార్చకుండా టైప్ చేశాను.

సాయంత్రం రూమ్మేట్‌కు అంతా చెప్పి, “అయినా మొదటి సభలో కొందరైనా గొణిగి ఉంటారు కదా,” అన్నాను.

ఆమె కుక్కర్ మూత పెట్టి నావైపు తిరిగింది.

“గొణిగే ఉంటరు. ఆయన ఆ కూలీల మీద మరీ మెత్తగ మాట్లాడిండని గొణిగిన్రేమో.”