కవ్వం మీద మిశ్రచాపు

జమ్మలమడుగు బడిపంతులు గురురాజారావుకు మృదంగం మీద చెయ్యి మంచిదే, నిలకడే తక్కువ. కథ రంజుగా సాగేకొద్దీ ఆయన వేళ్లకు దయ్యం పట్టేది. తాళం ముందు ఉరికేది, హరికథ చెప్పే మీనాక్షమ్మ వెనక ఆయాసపడేది.

"గురురాజా, నాకు అరవై దాటినాయి. నీ ఎంబడి ఉరకలేనప్పా," అందావిడ ఒకరోజు. "ప్రొద్దుటూరు దసరా కథలో మిశ్రచాపు ఉంది. ఆడ గూడా ఇట్లే చేస్తివంటే, ఇంగ కడప నుంచి వేరే ఆయన్ను పిలిపిచ్చుకుంటా."

బడి ఆయనకు కూడు పెడుతోంది, అంతే. ఆయన బతుకంతా ఆ మృదంగంలోనే ఉంది. ఆ పూట అన్నం సయించలేదు.

మిశ్రచాపంటే ఏడు దెబ్బల తాళం. తకిట తకధిమి. నోటికి తేలికే, చేతికే గండం. తెల్లారి ఆయన సాధనకు కూర్చునే వేళకు భార్య అలివేలుమంగ పక్కన మజ్జిగ చిలికేది. అత్తగారు సణిగినా, పొయ్యి మీద పాలు పొంగినా ఆమె కవ్వానిది ఒకటే నడక. ఆయన ఆ నడక మీదే, లాగుడుకొక దెబ్బ చొప్పున, ఏడు దెబ్బలూ వేయసాగాడు. ఏడు దెబ్బల ఆవర్తం ఒకటి ఆమె కుడిచేతి లాగుడుతో మొదలైతే, ఏడు బేసి గనక, తరువాతిది ఎడమచేతితో మొదలవ్వాలి.

"ఎడమకు రావాల్సింది కుడికే వచ్చె," అనేది ఆమె తలెత్తకుండా. "మళ్లా ఉరికినారు."

ఆయనకు ఒళ్లు మండేది. అయినా మళ్లీ మొదలుపెట్టేవాడు. దసరా దగ్గరపడేకొద్దీ సాధన పెరిగింది, వీధిలో ప్రతి ఇంటికీ మజ్జిగ పంపకం మొదలైంది.

"నువ్వు రావద్దే, నిన్ను చూస్తే నాకు చెయ్యాడదు," అని చెప్పి ఆయన ప్రొద్దుటూరు బస్సెక్కాడు. సరేనన్న ఇల్లాలు తరువాతి బస్సెక్కింది.

కథ మంచి పట్టులో, మిశ్రచాపు నడుస్తుండగా వేళ్లకు పాత దయ్యం పూనింది. మీనాక్షమ్మ ఓరగా ఒక చూపు చూసింది. ఆయన చెమటలు కక్కుతూ తలెత్తాడు. ఆడవాళ్ల వరసలో అలివేలుమంగ కూర్చుని ఉంది. ఎదుట కుండ లేదు, కవ్వం లేదు. చేతులు మాత్రం లేని తాడును కుడికీ ఎడమకూ లాగుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నా ఆమె ఆపలేదు.

ఆయన కళ్లు ఆ చేతుల మీదే నిలిపాడు. ఉరికిన దెబ్బలు మెల్లగా వెనక్కి వచ్చి ఆ నడకలో కుదురుకున్నాయి. తన కోసం ఇంతమందిలో నవ్వులపాలవుతున్న ఆ మనిషిని చూస్తే ఆయనకు రావద్దన్నందుకు సిగ్గేసింది.

మంగళం పాడాక మీనాక్షమ్మ చిడతలు సంచిలో వేసుకుంటూ అంది, "వచ్చే కథ పులివెందులలో. నువ్వు రా గురురాజా. ఆయమ్మను మాత్రం ముందువరసలో కూచోబెట్టు."