ఇంగువ వాసన రాని మామిడి

మా జువాలజీ మాస్టారు పోయారని మొన్న ఆదివారం గుడివాడ చర్చి దగ్గర ఎవరో చెప్పగానే, "మీరు చూశారా?" అని అడిగాను. అడిగాక గానీ తెలియలేదు, అది ఆయన ప్రశ్నేనని. బందరు కాలేజీలో మేం ఏం చెప్పినా ఆయన ముందు అడిగేది అదే. కబురు నిజమే. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మాస్టారు దేన్నీ ఓ పట్టాన నమ్మేవారు కాదు. దివిసీమ నుంచి సొంత చెల్లెలు చేపలు తెచ్చినా మొప్పలెత్తి చూసేవారు. "అన్నయ్యా, నేను నీకు పాడైన చేప తెస్తానా?" అని ఆవిడ అలిగేది. "నిన్ను కాదమ్మా, చేపని అనుమానిస్తున్నాను" అనేవారు.

ఆ తేడా మా నాన్నకి తెలియదు. నందివాడలో మా పెరటి మామిడి ఎండిపోతుంటే, మానుకి కన్నం కనబడింది. చెట్టుని చంపాలనుకున్నవాళ్లు కన్నం పెట్టి ఇంగువ కూరుతారని మా వైపు నమ్మకం. తాను వడ్లు ఎండబెట్టుకునే చోట కొమ్మల నీడ పడుతోందని పక్కింటి మావయ్య అంతకుముందే విసుక్కున్నాడు. ఇంకేముంది, "బావే చేశాడు, కోర్టుకీడుస్తాను" అని నాన్న భీష్మించుకు కూర్చున్నారు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మావయ్య మా గుమ్మం తొక్కడం మానేశాడు. నాకు అన్నం సయించేది కాదు.

నేను బతిమాలితే మాస్టారు వచ్చారు. కన్నానికి ముక్కు ఆనించి, "ఇంగువ వాసనే లేదే" అన్నారు. కింద రాలిన పొట్టు నలిపి చూశారు. అలాంటి కన్నమే ఉన్న కొమ్మ కోయిస్తే లోపల తెల్లటి పురుగు. అది మాస్టారే జేబులో తెచ్చారేమోనని నాన్న నా చెవిలో అన్నారు. ఆయనకి వినబడింది. "అనుమానించండి, మంచిదే" అని ఆ కొమ్మముక్కని సీసాలో పెట్టి, పైన వల కట్టి, మా వసారాలో నాన్న కళ్లెదుటే ఉంచారు.

వానలు మొదలయ్యాక అందులోంచి ఒంటికంటే పొడుగు మీసాలతో ఓ పెంకుపురుగు బయటికొచ్చింది. మాస్టారు మళ్లీ వచ్చి, మీసాల కణుపులు భూతద్దంలో చూసి, పుస్తకాలు తిరగేశారు. మామిడిని తొలిచే పురుగుల బొమ్మల్లో దేనితోనూ అది కలవలేదు. ఏదో ఒక పేరు చెప్పేస్తే కాదనేవాళ్లెవరూ అక్కడ లేరు. ఆయన చెప్పలేదు. అది ఎక్కువమందికి తెలియని జాతి అని తేల్చడానికి తర్వాత ఆయనకి చాలా కాలమే పట్టింది.

"ఇంతకీ దీని పేరేంటి మాస్టారూ?" అని నాన్న నిలదీశారు.

"పురుగు పేరు నాకింకా తెలియదండీ. మీ బావగారి పేరు మాత్రం కాదు."

నాన్న సీసా తీసుకుని కంచె దగ్గరికి వెళ్లి, "బావా, ఓసారి ఇలా రా" అని పిలిచారు. మావయ్య అనుమానంగానే వచ్చాడు. కంచెకి అటొకరు, ఇటొకరు, రెండు తలలూ సీసా మీదికి వంగాయి. వెనకనుంచి మాస్టారు, "కదపకండి, కదపకండి, నేనింకా సరిగ్గా చూడలేదు" అంటూ భూతద్దం పట్టుకుని పరుగున వస్తున్నారు.