అక్క గళ్ళు, నా గళ్ళు

మొన్న అశోక్‌నగర్‌లో మా ఇంటికి రంగులు వేయిస్తూ గోడల మీదివన్నీ దింపించినప్పుడు, హాల్లో తలుపు వెనకగా ఇన్నేళ్ళూ వేలాడుతున్న గుడి బొమ్మ కూడా కిందికి దిగింది. మేడ మీద గదిలో కిరాయికి ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న పాలమూరు వైపు అమ్మాయి, సాయం చేద్దామని వచ్చి, దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి దుమ్ము తుడుస్తూ, "ఆంటీ, గిది మీరే ఏసిండ్రా? ఏ గుడి ఇది?" అని అడిగింది. తెలియదన్నాను. "గింత మంచిగ ఏసి పేరు తెల్వదంటరేంది," అని నవ్వింది. ఆ పిల్లకు ఏం చెప్పను, గుడి పేరు తెలుసుకోవలసిన అవసరం మా పనిలో ఎప్పుడూ రాలేదు.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఏ మంచి హోటలు మెట్లెక్కినా, ఏ డాక్టరుగారి ముందుగదిలో కూర్చున్నా, బూడిదరంగూ తేనెరంగూ కలిసిన పాత గుడి బొమ్మ ఒకటి గోడ మీద కనిపించేది. గోపురం సందుల్లో మొక్కలు మొలిచి, మండపం ఒక పక్కకు కుంగి, మెట్ల దగ్గర చీమలంత మనుషులు ఇద్దరు ముగ్గురు నిలబడి. అవి ఎప్పుడో తెల్లదొరల కాలంలో ఎవరెవరో ఊళ్ళు తిరిగి గీసుకున్న చిత్రాలు. వాటి అచ్చులను ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరి తెచ్చి, చూసి మళ్ళీ చేత్తో వేయించి అమ్మేవాడు మా మేనమామ. చిక్కడపల్లిలో పటాలు కట్టే కొట్టు పైన ఆయన గది. నారాయణగూడలో చదువులు ముగించుకుని, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టి పెట్టి విసిగిపోయిన మా అక్కా, ఆమె వెనకాల నేనూ, నాలుగు రోజులు చూద్దామని ఆ గది మెట్లెక్కి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయాం.

పని చెబితే తేలికే. అసలు బొమ్మ మీద గళ్ళు గీసి, మా కాగితం మీద పెన్సిలుతో అన్నే గళ్ళు గీసుకుని, ఒక్కో గడిలో ఏముందో అది మాత్రం దింపాలి. రెండింటినీ తలకిందులుగా పెట్టించేవాడు మామయ్య; నిటారుగా ఉంటే చెయ్యి, చూసింది మానేసి తెలిసింది వేస్తుందని ఆయన నమ్మకం. పక్కపక్క గళ్ళు వరసగా వేస్తే తడిరంగు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాకుతుంది కాబట్టి, ఆరినచోటు చూసుకుని ఇక్కడొకటీ అక్కడొకటీ వేయాలి. అక్కా నేనూ పక్కపక్కన కూర్చుని ఒకే బొమ్మ మీద పనిచేసేవాళ్ళం, ఎవరికి ఏ గడి అందుబాటులో ఉంటే అది వాళ్ళది. ఏది ఎవరు వేశారో కొన్నవాడికి తెలియకూడదు, అంతే నియమం.

మొదట్లో నాకు రాళ్ళు వచ్చేవి కావు. "నీ రాళ్ళు ఇడ్లీల్లా ఉన్నాయే, చట్నీ కూడా వెయ్యి," అని అక్క వెక్కిరించేది. నేను అలిగి పంపు దగ్గర బ్రష్షులు కడిగే వంకతో అరగంట కూర్చుంటే, తనే వచ్చి లాక్కెళ్ళి, నా చెయ్యి పట్టుకుని, రాయికి పైన వెలుగు ఎంత వదలాలో, కింద నీడ ఎక్కడ ఆపాలో చూపించేది. మూడేళ్ళు తిట్లు తిన్నాక ఆమె రాళ్ళు నాకు పట్టుబడ్డాయి.

ఒక వానాకాలం, హైదర్‌గూడలో ఒకాయన హోటలు కోసం, ఇప్పుడు మా హాల్లో ఉన్న ఈ బొమ్మే వేస్తూండగా అక్కకు కామెర్లు వచ్చాయి. పసరు మందు పోయించాం, తర్వాత ఆసుపత్రిలో చేర్చాం, రెండు వారాలు తిరగకుండానే పోయింది. నేను ఏడవలేదు. పడిపోబోతున్న అమ్మను పట్టుకున్నాను, ఎవరెవరికి కబురు చేయాలో కాగితం మీద రాసిచ్చాను, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందించాను. లోపల ఏమీ లేదు. దుఃఖం లేదు, భయం లేదు, కనీసం ఏడుపు రావడం లేదే అన్న దిగులైనా లేదు. మా పెద్దమ్మ నన్ను అదోలా చూడడం తెలుస్తూనే ఉంది, అయినా ఏమీ అనిపించలేదు.

కర్మలు అయిన మర్నాడు చిక్కడపల్లి వెళ్ళి కూర్చున్నాను. బొమ్మ మేం వదిలేసినట్టే, తలకిందులుగా బల్ల మీద ఉంది. అక్కడక్కడా పదిహేనో పదహారో గళ్ళు ఖాళీ. అవి ఎక్కడెక్కడున్నాయని గుర్తు పెట్టుకోలేదు, గుర్తు పెట్టుకోవాలని తోచనే లేదు. రంగు కలుపుకుని, ఆరినచోటల్లా నింపుకుంటూ పోయాను. నాలుగు రోజులకు పూర్తయింది. అలవాటు ప్రకారం పెన్సిలు గీతలన్నీ రబ్బరుతో చెరిపేసి, పొట్టు ఊదేసి, నిటారుగా నిలబెట్టాను.

మామయ్య కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "దాని చెయ్యేదో నీ చెయ్యేదో నాకే తెలియట్లేదే అమ్మాయ్," అన్నాడు. మా పనిలో అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. అప్పుడు చూశాను నేను, గోపురమూ మండపమూ మెట్లూ అన్నీ వెతికాను. ఏ రాయి అక్కదో నాకూ తెలియలేదు. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, హోటలాయనకు ఇంకోటి వేయించి ఇస్తానని చెప్పి, మామయ్య దాన్ని నాకే ఇచ్చేశాడు.

అప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నాను, భూతద్దం పెట్టి కూడా. మొన్న ఆ పిల్లకు సంగతంతా చెప్పి, నీవి చిన్నవయసు కళ్ళు కదా, కాస్త చూడమ్మా అన్నాను. ఫోన్లో ఫొటో తీసి, రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఓపిగ్గా ఒక్కో మూలా చూసింది పాపం. "ఇద్దరు ఏసినట్టు లేదాంటీ. ఒక్కలే ఏసినట్టుంది," అంది కొంచెం మెల్లగా.

ఇప్పుడు ఇలాంటి బొమ్మలు ఎంత కొలత కావాలంటే అంత, గుడ్డ మీద అచ్చు వేసి సాయంత్రానికల్లా ఇంటికి పంపుతున్నారు. మామయ్య గది ఉన్నచోట కోచింగ్ సెంటరు బోర్డు ఉంది. గళ్ళు గీసుకునేవాళ్ళూ లేరు, రాళ్ళకు తిట్లు తినేవాళ్ళూ లేరు. వాటిని తలుచుకున్నా నాకు పెద్దగా బాధ కలగదు, ఒక్కటి మాత్రం అనుకుంటూంటాను. అప్పుడు నా గళ్ళన్నిటినీ నేను కాస్త చెడగొట్టి ఉంటే ఎంత బాగుండేది. అక్క ఎక్కడెక్కడ ఉందో కనిపించేది.