హొడి, నేను గ్వీదోని

ఎత్తోరే బ్రుసాఫెర్రోకి లోకంలో అందరి మీదా అనుమానమే. అయితే తన ఇంటికి అతిథిగా వచ్చినవాడి మీద పెట్టుకునే అనుమానం ముందు మిగతావన్నీ దిగదుడుపే. దొంగ ఎందుకొచ్చాడో మనకు తెలుసు, స్నేహితుడు ఎందుకొచ్చాడో ఎవరికి తెలుసు? ఇదీ ఆయన వాదన.

పూర్తిగా తప్పు పట్టడానికీ లేదు. ఇటలీలో ముప్పై నాలుగేళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. నిద్ర నటించేవాళ్ళనీ, మరుగుదొడ్లో దాక్కునేవాళ్ళనీ, పోయిన మామగారి పాసు మీద ప్రయాణం చేసేవాళ్ళనీ చూసి చూసి కళ్ళు రెండూ సూదుల్లా తయారయ్యాయి. రిటైరయ్యాక భార్య ఒర్నెల్లా ముచ్చటపడిందని జాంజిబార్ దీవికి వచ్చి, తూర్పు తీరాన జాంబియాని ఊళ్ళో సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టుకున్నాడు. ఆ దీవిలో రైలు లేదు. టికెట్లకు చిల్లులు కొట్టే పటకారు మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది.

వచ్చిన ప్రతి అతిథికీ ఎత్తోరే ఒక అట్టముక్క మీద పేరు రాసి ఇచ్చేవాడు. వచ్చిన రోజు దానికి ఒక చిల్లు. వెళ్ళే రోజు ఓడరేవులో రెండో చిల్లు. రెండు పడితే ప్రయాణం ముగిసినట్టు. ఏడేళ్ళలో పదకొండు జట్లు వచ్చాయి. రెండోసారి ఎవ్వరూ రాలేదు.

ఒకసారి ఒర్నెల్లా వాళ్ళ ఊరి చర్చి ఫాదర్ వచ్చాడు. గుమ్మంలోనే తనిఖీ మొదలైంది.

"ఎందుకొచ్చారు?"

"విశ్రాంతికి నాయనా."

"దేన్నుంచి?"

ఫాదర్ మర్నాడే ఓడెక్కి వెళ్ళిపోయాడు.

ఇంకోసారి ఒర్నెల్లా పినతండ్రి కూతురు వచ్చింది. మూడో రోజు పొద్దున ఎత్తోరే ద్రాక్షసారా సీసా తెచ్చి రొట్టె పక్కన పెట్టాడు. సీసా మీద పెన్సిలు గీత ఉంది.

"నిన్న సాయంత్రం ఈ గీత దాకా ఉండాలి కదమ్మా."

"ఈ ఎండలకి ఆవిరై పోయుంటుంది బావా."

"మరి ఆవిరికి గ్లాసెందుకు? ఇదిగో, నీ మంచం కింద దొరికింది."

ఆ పిల్ల ఇప్పటికీ క్రిస్మస్ కార్డు ఒర్నెల్లా ఒక్కదాని పేరునే పంపుతుంది.

ఒర్నెల్లా దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆమె ఎవరినీ అనుమానించి ఎరగదు. చేపలమ్మేవాడు నిన్నటి చేపను ఇవాళ్టిది అంటే ఇవాళ్టిదే అనుకుని వండేది. తాటాకు నీడలో కూర్చుని సముద్రం చూడడం మొదటి ఏడాది స్వర్గంలాగే ఉంది. ఏడో ఏడాదికి, ఆ సముద్రాన్ని చూసి "అబ్బ!" అనే ఇంకో మనిషి పక్కన లేకపోతే అది ఉత్త ఉప్పునీరు అని తెలిసింది. అందుకే చిన్ననాటి స్నేహితురాలు ఫ్లావియా, ఆమె భర్త గ్వీదో రెండు వారాలు ఉండడానికి వస్తున్నామని రాసినప్పుడు ఒర్నెల్లా మొగుణ్ణి కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది.

"ఎత్తోరే, నాకు మిగిలింది ఆ ఒక్క స్నేహితురాలే. అది గనక ఈ ఇంట్లోంచి మొహం ముడుచుకుని వెళ్ళిందా, నేనూ అదే ఓడ ఎక్కుతాను. నీ సీసాకి నువ్వే గీతలు గీసుకో."

"నేనేం చేశాను?"

"గ్వీదో నీ స్నేహితుడు కూడాను! ఇరవై ఏళ్ళు ఒకే రైల్లో పనిచేశారు. అతను ఇంజన్లో, నువ్వు పెట్టెల్లో."

"అదే నా అనుమానం. ఏడేళ్ళు రానివాడు ఇప్పుడెందుకొస్తున్నాడు?"

ఓడరేవులో గ్వీదో దిగాడు. నవ్వుతూ చెయ్యి చాచి, ఎత్తోరేని దాటి, పక్కనున్న కూలీ చెయ్యి పట్టుకుని ఊపాడు. కూలీ కూడా మర్యాదస్తుడు, తిరిగి ఊపాడు. అందరూ పగలబడి నవ్వారు. నవ్వనిది ఎత్తోరే ఒక్కడే.

"ఎందుకొచ్చావురా?" అన్నాడు.

"చూసి వెళ్దామనిరా."

"ఏం చూడ్డానికి?"

"ఇదిగో, మొదలెట్టాడు!" అని ఒర్నెల్లా మొగుడి కాలు తొక్కింది.

ఇంటి దగ్గర వంటమనిషి మ్వానాఇషా గుమ్మంలో ఎదురొచ్చింది. గ్వీదో ఆమెను కాదని, వాకిట్లో కట్టేసిన మేకవైపు తిరిగి వంగి "షికమో" అన్నాడు. ఆ ఊళ్ళో అది పెద్దవాళ్ళకి పెట్టే దండం. ఓడలో నేర్చుకున్నాడట. మళ్ళీ అందరూ నవ్వారు. ఎత్తోరే జేబులో పటకారు మాత్రం కటకటమంది. అది ఆయన అనుమానం ముదిరినప్పుడు చేసే చప్పుడు.

"వాడేదో దాస్తున్నాడు," అన్నాడు వంటింట్లో.

"నీ మొహం," అంది ఒర్నెల్లా.

మర్నాడు పొద్దుటికి మేడమెట్ల అంచులన్నిటికీ బెత్తెడు వెడల్పున తెల్లటి సున్నం పూసి ఉంది.

"ఇదేమిటి?"

"పైనుంచి ఎవరు దిగినా చెప్పుకి అంటుకుంటుంది. ఎవరెక్కడ తిరిగిందీ తెలిసిపోతుంది."

భోజనాల బల్ల మీద బొగ్గుతో గుండ్రాలు వెలిశాయి. ఉప్పుకొకటి, చక్కెరకొకటి, కాఫీ గిన్నెకొకటి. ఏ వస్తువు తీసినా తిరిగి దాని గుండ్రంలోనే పెట్టాలి. అంగుళం జరిగితే విచారణ. మేక మెడకి గంట పడింది. ఇంటి వెనక గుమ్మం నుంచి సముద్రంలోకి, ఆటు వచ్చినప్పుడు నీళ్ళు వెనక్కి పోయే మేరదాకా గుంజలు పాతి తాడు కట్టించాడు. అక్కడ ఆడవాళ్ళు నీళ్ళలో గుంజలు పాతి సముద్రపు నాచు పెంచుతారు. ఆ తాడు వాళ్ళ దగ్గరే తెచ్చాడు.

"ఊళ్ళోవాళ్ళ నాచు మడుల్లోకి మనవాళ్ళు చొరబడకుండా హద్దు," అన్నాడు.

వీటన్నిటికీ తలమానికం హొడి.

ఆ ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయట నిలబడి "హొడి" అనాలి. లోపలివాళ్ళు "కరిబు" అంటే రమ్మని. మూడుసార్లు పిలిచినా పలకకపోతే మారుమాట లేకుండా వెనక్కి వెళ్ళిపోవాలి. అది మర్యాద. ఎత్తోరే ఆ మర్యాదని ఇంట్లోకి తెచ్చాడు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళినా సరే, గుమ్మంలో ఆగి హొడి అనాలి. అంతటితో సరిపోదు, పేరు కూడా చెప్పాలి.

మ్వానాఇషా నడుం మీద చేతులు పెట్టుకుంది. "మ్జే," అంది. పెద్దాయనల్ని అక్కడ అలాగే పిలుస్తారు. "హొడి బయటివాళ్ళు అంటారు. ఉల్లిపాయలు తేవడానికి వెళ్తూ ఇంటి మనుషులు అనరు."

"ఇకనుంచి అంటారు."

"మేక?"

"దానికి గంట ఉంది."

వార్త ఊరంతా పాకింది. కొబ్బరికాయలు తెచ్చే ముసలాయన తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, పుట్టిన ఊరు మొత్తం చెప్పి మరీ హొడి అన్నాడు. అంతా విన్నాక ఎత్తోరే "తాత పేరు ఇంకోసారి చెప్పు" అన్నాడు.

రెండో రోజు భోజనాల వేళ ఫ్లావియా గుమ్మంలో నిలబడి మూడుసార్లు హొడి అంది. ఒర్నెల్లా పెరట్లో ఉంది, ఎత్తోరే నోటినిండా ఆక్టోపస్ ముక్క ఉంది. ఆ ముక్క నమిలితే ఓ పట్టాన తెమలదు. కరిబు బయటికి రాలేదు. ఫ్లావియా మేడ మీదికి వెళ్ళిపోయింది. ఒర్నెల్లా పైకి పరిగెత్తేసరికి మంచం మీద కూర్చుని కళ్ళొత్తుకుంటోంది.

"మమ్మల్ని దొంగలనుకుంటున్నాడా ఒర్నెల్లా? చక్కెర దొంగతనానికి ఇంత దూరం వస్తామటే?"

ఒర్నెల్లాకి తల కొట్టేసినట్టయింది. కిందికొచ్చి తన పెట్టె అటక మీంచి దింపి, మొగుడికి కనిపించేలా గుమ్మానికి అడ్డంగా పెట్టింది.

"చూశావుగా. ఓడ రెండు టికెట్లతో వెళ్తుందో, మూడిటితో వెళ్తుందో నువ్వే తేల్చుకో."

ఎత్తోరే పెట్టెను చూశాడు. భార్యను చూశాడు. ఆ తరవాత ఆయన చేసిన పని ఒక్కటే. దారికి అడ్డంగా ఉందని పెట్టెను గోడవారకి జరిపాడు.

చిత్రంగా నాలుగో రోజునుంచి ఫ్లావియా మారిపోయింది. అందరికంటే గట్టిగా "హొడి, నేను ఫ్లావియాని!" అని పాటలా అనసాగింది. ఉప్పు గిన్నెను రెండు చేతులా పట్టుకుని గుండ్రంలో పెట్టేది. ఎత్తోరేని చూసి నవ్వేది కూడా. కోపం పీకలదాకా వచ్చి ఇలా నవ్వుగా తన్నుకొస్తోందని ఒర్నెల్లా భయపడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకి ఒకరి మీద అనుమానం కలిగింది. మొగుడి జబ్బు తనకీ అంటుకుందేమోనని ఇంకో భయం.

తొమ్మిదో రోజు పొద్దున ఆమె ఓర్పు నశించింది. సముద్రం ఆటుకి వెనక్కి పోయింది. ఇసుకంతా తళతళలాడుతోంది. గ్వీదో ఒక్కడే తాడు పట్టుకుని షికారు బయల్దేరాడు. వెంటనే కొబ్బరిచెట్టు చాటునుంచి ఎత్తోరే, టోపీ కళ్ళమీదికి దించుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, పిల్లిలా బయల్దేరాడు.

"అతిథి వెంట గూఢచారిలా నడుస్తావా! ఇవాళ నీ సంగతి అక్కడే తేలుస్తాను," అనుకుంటూ ఒర్నెల్లా చీపురుతో సహా వెనకాలే నడిచింది.

నడుస్తున్నకొద్దీ వ్యవహారం వింతగా కనిపించింది. ఎత్తోరే వెనకాల నడవడం లేదు. పక్కనుంచి చుట్టుతిరిగి ముందుకి పోతున్నాడు. తాడు పక్కన మడుగుల్లో నల్లటి ముళ్ళ జీవాలుంటాయి. కాలు పడితే వారం రోజులు చెప్పు తొడగలేం. ఎత్తోరే వంగి వాటిని బూటుతో ఒక్కొక్కటే పక్కకి తోసి, గ్వీదో దగ్గరకొచ్చే లోపల తిరగేసిన పడవ వెనక నక్కుతున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. నక్కినప్పుడల్లా మోకాళ్ళు పటుక్కుమంటున్నాయి.

గ్వీదో పడవ పక్కన ఆగాడు. మొహం సముద్రంవైపే ఉంది.

"ఒరేయ్ ఎత్తోరే, హొడి చెప్పకుండా తిరిగేవాడికి ఈ ఊళ్ళో శిక్షేమిట్రా?"

పడవ వెనకనుంచి జవాబొచ్చింది. "ఎలా కనిపెట్టావు?"

"కనిపించలేదు. వినిపించింది. ఆ మోకాళ్ళకి నూనె పెట్టు."

ఎత్తోరే బయటికొచ్చాడు. ఒర్నెల్లా చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు ఎత్తోరే.

"రెండేళ్ళు. సొరంగంలోకి దూరాక వెనక్కి చూస్తే ఆ వెలుగు చిన్నదవుతూ పోతుందే, నా చూపూ అలాగే. ఇప్పుడు పళ్ళెమంత ఉంది. వచ్చే ఏడాదికి గుండీ అంత. ఆ పళ్ళెంలో ఈ సముద్రాన్ని పెట్టుకుని చూసి వెళ్దామని వచ్చాను. చెప్పానుగా నీకు మొదటి రోజే."

"అబద్ధం చెప్పలేదన్నమాట," అన్నాడు ఎత్తోరే, కాస్త నిరాశగా.

"ఫ్లావియాకి తెలియదు. తెలిస్తే జాలిపడుతుంది. మూడు కిలోమీటర్ల దూరంనుంచి సిగ్నల్ చూసిన కళ్ళురా ఇవి, జాలి భరించలేను. నువ్వు దొంగని చూసినట్టు చూస్తుంటే ఎంత హాయిగా ఉందో! ఆపకు."

"ఆపను. చక్కెర గిన్నె నిన్న అంగుళం జరిగింది. అది నువ్వే."

ఒర్నెల్లా చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగింది. సున్నం మెట్లు, బొగ్గు గుండ్రాలు, తాడు, గంట, గుమ్మం గుమ్మంలో పేర్లు ఒక్కొక్కటీ ఇప్పుడు కొత్త అర్థంతో ఎదురొస్తున్నాయి. అరుగు మీద ఫ్లావియా, మ్వానాఇషా కూర్చుని బియ్యం ఏరుతున్నారు. చెప్పాలా వద్దా అని ఒర్నెల్లా తటపటాయిస్తుంటే ఫ్లావియా తలెత్తకుండానే అడిగింది.

"ముళ్ళున్నాయి అటు. మీ ఆయన తీశాడా?"

"నీకు... నీకు తెలుసా?"

"కాఫీలో ఉప్పేసుకుని బాగుందని తాగాడే కిందటేడు, అప్పటినుంచీ తెలుసు. నాకు తెలియదని ఆయన నమ్మకం. ఉండనీ, అదో బలం. మీ ఆయన ఎందుకిలా చేస్తున్నాడో మాత్రం మూడో రోజుదాకా అర్థం కాలేదు. అనవసరంగా ఏడిచాను."

ఒర్నెల్లా మ్వానాఇషావైపు తిరిగింది.

"నేనా? మొదటి రోజే తెలుసు అమ్మా. మేకకి ఎవరైనా షికమో చెప్తారా?"

ఇల్లు మొత్తం మీద తెలియనిది తన ఒక్కదానికే. ఎవరినీ అనుమానించను అని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకుంది. అంటే ఎవరినీ సరిగ్గా చూడలేదన్నమాట. ఆ ఆలోచన ముల్లులా గుచ్చుకుంది గాని, పక్కనే ఇద్దరూ నవ్వుతుంటే ఆమెకీ నవ్వొచ్చింది. లోపలికి వెళ్ళి, గోడవారనున్న పెట్టెను తిరిగి అటకెక్కించింది.

పద్నాలుగో రోజు ఓడరేవులో ఎత్తోరే చెయ్యి చాచాడు.

"అట్టముక్క."

గ్వీదో ఇచ్చాడు. ఎత్తోరే దాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు. పటకారు గాల్లో ఒకసారి కటకటలాడించి, అట్టను తిరిగి గ్వీదో చేతిలో పెట్టాడు. గ్వీదో బొటనవేలు దానిమీద మెల్లగా తిరిగింది.

"ఒరేయ్, ఒకటే చిల్లుంది."

"కళ్ళు కనిపించవుగాని వేళ్ళు బాగానే పనిచేస్తున్నాయి."

"రెండోది కొట్టలేదేం?"

"నీ తనిఖీ పూర్తి కాలేదు. వచ్చే ఏడాది హాజరవ్వాలి. రాకపోతే నేనే వచ్చి పట్టుకుంటాను."

ఫ్లావియా తన అట్టముక్క కూడా తడిమి చూసుకుంది. దానికీ ఒకటే చిల్లు.

ఎత్తోరే, ఒర్నెల్లా ఇంటికి తిరిగొచ్చారు. సున్నం చెరిపేద్దామా అని మ్వానాఇషా అడిగితే, ఇంకో పూత వెయ్యమన్నాడు ఎత్తోరే. కాసేపటికి వంటింట్లోంచి కాఫీ వాసనొచ్చింది. ఒర్నెల్లా గుమ్మందాకా వెళ్ళింది. ఏడేళ్ళలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండానే ఆగింది.

"హొడి, నేను ఒర్నెల్లాని."

లోపల ఎత్తోరే కాఫీ కలుపుతున్న చెంచా ఆపాడు.

"రుజువేమిటి?"