పసుపు రాసిన టేపు

కెమెరాలో టేపును చదివే హెడ్ తుడవడానికి దూదిని స్పిరిట్‌లో ముంచితే చాలు, ఆ ఘాటుకు నాకు ప్రకాశరావు మాస్టారు గుర్తుకొస్తారు. నిడదవోలులో ఆయన వీడియో షాపులోనే నేను పని నేర్చుకున్నాను. పాత టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం మా పని. చేరి ఆరు నెలలు కాకుండానే అన్నీ వచ్చేశాయనుకున్నాను. నిండని కుండను కదా, బాగానే తొణికేదాన్ని.

ఒకరోజు లక్ష్మిగారని ఒకావిడ అరచేతిలో ఇమిడే చిన్న టేపు తెచ్చారు. భర్త కువైట్ నుంచి కెమెరా తెచ్చి, కూతురి మొదటి పుట్టినరోజు తీశారట. మరుసటి ఏడే ఆయన పోయారు. కెమెరా ఎప్పుడో అమ్మేశారు. ఇంకో పది రోజుల్లో ఆ అమ్మాయి పెళ్లి. తండ్రి గొంతు ఎలా ఉండేదో ఆ పిల్లకు తెలియదు, పెళ్లిలోపు ఒక్కసారి వినిపించాలని తల్లి ఆశ. ఇన్నేళ్లూ ఆ టేపును దేవుడి గూట్లో ఉంచి, శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టారావిడ. మా కెమెరాలో వేస్తే నీలం తెర తప్ప ఏమీ రాలేదు. “ఇలా పసుపు రాస్తే టేపు ఉంటుందా అండి? మొత్తం పోయింది” అనేశాను. “నా చేతుల్తో నేనే చెరిపేసుకున్నానా?” అంటూ ఆవిడ షాపు మెట్ల మీద కూలబడిపోయారు.

మాస్టారు ఆవిడకు మంచినీళ్లిచ్చి, టేపు ఉంచుకుని, తను చూస్తానని చెప్పి పంపించారు. నన్ను తిడతారనుకున్నాను. ఆయన టేపును వెలుతురులో తిప్పి చూశారు. “పసుపు టేపు పైడబ్బాకే అంటిందమ్మాయ్, లోపల రీలు దాకా పోలేదు. నువ్వు చూశావా?” చూడలేదు. “ఈ సైజు టేపుల్లో రెండు రకాల రికార్డింగులుంటాయి. మన కెమెరా పాత రకమే చదువుద్ది. మనకి చదవడం రాకపోతే పుస్తకం ఖాళీ అంటావేంటి?”

తెలిసిన పెళ్లి వీడియోవాళ్లందరికీ ఆయన ఫోన్లు చేశారు. అన్నవరం కొండ మీద పెళ్లిళ్లు తీసే ఒకాయన దగ్గర రెండు రకాలూ చదివే కెమెరా దొరికింది. ఇద్దరం రైల్లో వెళ్లి తెచ్చుకున్నాం. టేపు వేయగానే తెర మీద బుట్టగౌనులో పాప! నేను గంతులేస్తుంటే మాస్టారు ఫోను నా చేతికిచ్చారు. “నింద వేసింది నువ్వు. తియ్యాల్సిందీ నువ్వే.”

“వీడియో వచ్చిందండి. పసుపు వల్ల ఏం కాలేదండి, తప్పు నాదే” అన్నాను. ఆవిడ “అయితే నేను చెరపలేదా అమ్మా?” అని మాత్రం అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు తల్లీకూతుళ్లు వచ్చారు. కెమెరా పట్టుకుంది ఆయనే కాబట్టి ఆయన ఎక్కడా కనిపించరు, గొంతొక్కటే వినిపిస్తుంది. “బంగారూ, ఇటు చూడమ్మా, నాన్న వైపు.” తెర మీద పాప చూడలేదు. నా పక్కన కూర్చున్న పెళ్లికూతురు మాత్రం “ఆఁ నాన్నా” అంది.

మాస్టారు పోయి రెండేళ్లయింది. ఇప్పుడు కాకినాడలో నాకు సొంత షాపు ఉంది. నా మిషన్ చదవలేని టేపులు ఇంకా వస్తూనే ఉంటాయి. తెచ్చినవాళ్ల ముఖం వాడిపోకముందే చెప్పేస్తాను: “మీరేం పాడు చేయలేదండి. చదవడం రానిది నా మిషన్‌కి. ఓ వారం ఆగండి, వెతుకుతాను.”